చదువుల గది కప్పులోంచి నా కాలు

కువైట్‌కి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నేను దేనికి భయపడలేదా అని ఆలోచిస్తే ఒక్కటీ తట్టదు. వీసా ఇచ్చిన యజమాని కఫీల్ అంటే భయం, పోలీసు బండి అంటే భయం, చివరికి లిఫ్టన్నా భయమే (అమలాపురం దగ్గర నేనెక్కిన ఎత్తల్లా కొబ్బరిచెట్టు). ఏసీ పనిలో చేరిన కొత్తలో, పూర్వం మిషన్‌వాళ్లు కట్టిన ప్రార్థనామందిరానికి నన్నూ పెద్దన్ననీ పంపారు. పెద్దన్న మా ఫోర్‌మన్, జగిత్యాల మనిషి. "శానా పాత కట్టడం బిడ్డా. ఒక్క పెచ్చు ఊడినా మనల్ని ఇంటికి తోలుతరు" అన్నాడు గుమ్మంలోనే. నేను గోడకి తగలకుండా ఒళ్లు ముడుచుకుని లోపలికి నడిచాను.

చర్చి అంటే ఆకాశానికి లేచిన శిఖరం, రంగు అద్దాలు ఉంటాయనుకున్నాను. ఆడంబరం గిట్టనివాళ్లు కట్టుకున్నదట, అవేమీ లేవు. మందపాటి మట్టిగోడలు, తెల్లసున్నం, పొడుగాటి కిటికీలు, మధ్యలో ప్రసంగం చెప్పడానికి ఎత్తుగా ఒక చెక్కవేదిక. రెండు పక్కలా పిల్లల చదువుల గదులు. జనం ఎక్కువైతే మడతతలుపులు తీసి గదుల్ని హాల్లో కలిపేస్తారు. పైన, ఓడల్లో తెచ్చిన మడచెట్ల కర్ర దూలాలు, వాటిమీద చాప, చాపమీద మట్టి. ఆ దూలాలు కనబడకుండా తర్వాతెవరో కింద ఇనుప చట్రానికి జిప్సం పలకలు బిగించి ఇంకో కప్పు వేశారు. ఏసీ గొట్టం వెయ్యడానికి రెండు కప్పుల మధ్య సందులో పాకాల్సింది మాత్రం, సన్నగా ఉన్నానన్న పాపానికి, నేను.

"ఇనుప చట్రం మీదనే మోకాలు పెట్టు. పలక మీద పెడితే ఖలాస్!" అన్నాడు వెనకనుంచి పెద్దన్న. చీకటి, దుమ్ము. చదువుల గది మీదికి చేరానో లేదో, పావురం ఒకటి టపటపమని మొహమ్మీదికి లేచింది. "బాబోయ్!" అన్నాను. ఫెళ్లుమంది. ఎడమకాలు తొడదాకా కిందికి దిగిపోయింది.

కింద శుక్రవారం సెలవునాటి తెలుగు పిల్లల బైబిలు తరగతి. పలక ముక్కలు బల్లల మీద రాలిన చప్పుడు. తర్వాత ఒక పసిగొంతు: "టీచర్, దేవదూతా?"

ఇంకో గొంతు: "దేవదూతకి సేఫ్టీ బూటు ఉంటుందా?"

టీచరు కడపావిడ. వారమంతా ముబారక్ అల్ కబీర్‌లో మామా అని పిలిచే అరబ్బు యజమానురాలి ఇంట్లో పని, సెలవునాడు ఇక్కడ పాఠాలు. "ఎవురు నాయనా పైన? కదలాకు! పిల్లోల్లారా, గోడకాడికి పోండి!" అని అరిచింది.

"పడిపోతానండీ అక్కా!" అని ఏడ్చేశాను. చట్రం కిర్రుమంటోంది. కాలు జారితే పిల్లల మీద పడతానని భయం, పడకపోయినా ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, పోతుందని భయం. పెద్దన్న చట్రం మీదే ఎలాగో పాకొచ్చి నా బెల్టు పట్టుకున్నాడు. ఆవిడ బల్లమీద బల్ల పేర్చి, ఎక్కి నా బూటు కిందినుంచి పైకి తోసింది. అలా బయటపడ్డాను.

కిందికి దిగేసరికి పాస్టరుగారు చిల్లుకేసి చూస్తూ నిలబడ్డారు. విమానం టికెట్టు కళ్లముందు కదిలింది. ఆయన హిందీలో, "దెబ్బ తగిలిందా?" అన్నారు. మళ్లీ పైకి చూసి, "ఇన్నేళ్లున్నా ఆ దూలాలు నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. పిల్లలు వంతులవారీగా ఫోను లైటు వేసి చూశారు. పలక మేమే మార్చి వచ్చాం.

ఇప్పుడు నేనే ఫోర్‌మన్ని. షుఐబా ఫ్యాక్టరీల్లో ఎంత ఎత్తు ట్యాంకయినా ఎక్కుతాను, కుర్రాళ్లు నన్ను ధైర్యవంతుణ్ణంటారు. నేనూ కాదనను. అన్నిటికీ భయపడుతూనే అన్నిచోట్లకీ పాకిన ఆ సన్నటి పిల్లాడు ఈ పొట్టతో ఇప్పుడు ఏ సందులోనూ పట్టడు కదా అని మాత్రం, అప్పుడప్పుడు నాలో నేనే నవ్వుకుంటాను.