లాస్లో నారాయణ

"ఆయన పేరే పెట్టాలి. ఇందులో రెండో మాట లేదు."

"ఏం పేరో జర నోరు తెరిచి చెప్పు, చెల్లెమ్మా!"

"మొగుడి పేరు నోటితో ఎలా చెప్పను అన్నయ్యగారూ? అదిగో, ఫొటో కింద రాసుంది. చదువుకోండి."

"మా నాయిన పేరు నేను ఫొటో చూడకుండనే చెప్త. రెడ్యా! మా తండల ఎవర్నడిగినా చెప్తరు."

సారపాకలో భారతమ్మ ఇంటి వసారాలో వియ్యపురాలూ వియ్యంకుడూ ఇలా వరస తప్పకుండా, మర్యాద తగ్గకుండా గొంతులు చించుకుంటున్నారు. భారతమ్మ కొడుకు మురళీకృష్ణ పళ్ళెం ముందు ఉంగరం పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు అతని కొడుక్కి బారసాల. పళ్ళెంలో బియ్యం సిద్ధం. ఉంగరం సిద్ధం. రాయాల్సిన పేరే లేదు.

మురళీకృష్ణ డిగ్రీ రెండో ఏడు మధ్యలో కాలేజీకి దండం పెట్టి, క్లాస్‌మేట్ కవితని పెళ్ళి చేసుకుని, జామాయిల్ కర్ర లారీల దగ్గర పనికి కుదిరిన మనిషి. కవితది ములకలపల్లి దగ్గర తండా. తండ్రి బిచ్యా లైన్‌మన్. పెళ్ళినాటి నుంచి ఆ ఇంటి కాకి ఈ ఇంటి మీద వాలలేదు. పిల్లాడు పుట్టాక, వాడి ముక్కు మా పోలికంటే మా పోలికని చూసుకోవడానికి వచ్చి, మొన్ననే రెండు కుటుంబాలూ ఒక చాప మీద కూర్చున్నాయి. ఆ చాప ఇప్పుడు చిరిగేలా ఉంది.

"గట్లయితే నా బిడ్డనూ మనుమణ్నీ తీస్కొని ఇప్పుడే బస్సెక్కుత," అన్నాడు బిచ్యా.

"ఎక్కండి. బస్టాండు దూరమేం కాదు," అంది భారతమ్మ.

బిచ్యా లేచి చెప్పులు వెతుక్కుంటుండగా బజారులో జీపు ఆగిన చప్పుడయింది. మురళీకృష్ణ తల పట్టుకున్నాడు.

"ఈయన్నెవరు పిలిచారు?"

"ఆయన్ని పిలవాల్నా?" అంది లోపల్నుంచి కవిత. "లొల్లి వినపడితే సాలదా?"

దిగింది వెంకటనారాయణ. ఆయనకి మందు లేదు, సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఒకే ఒక్క జబ్బు ఉంది. ఎక్కడ పేరు మీద తగాదా వచ్చినా ఎవరూ పిలవకుండా వెళ్ళి, "లాస్లో అని పెట్టండి" అంటాడు. పుట్టింది మగపిల్లాడైనా, ఆడపిల్లయినా, కిరాణా కొట్టయినా, క్రికెట్ టీమయినా ఆయన దగ్గరున్న పేరు అదొక్కటే. అందుకే వైరా నుంచి భద్రాచలం దాకా ఆయన్ని ఇంటిపేరుతో పిలిచేవాడు లేడు. లాస్లో నారాయణ అంటేనే ఇల్లు చూపిస్తారు.

ఈ పేరు ఆయనకి అడవిలో దొరికింది. ఎప్పుడో హంగేరీ దేశం నుంచి లాస్లో అనే ఆయన మన వెదురు మీద పరిశోధనకి వచ్చి, వెంకటనారాయణ జీపు కిరాయికి మాట్లాడుకున్నాడు. ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతమాత్రమే కాబట్టి ఒకరి మాట ఒకరికి శుభ్రంగా అర్థమయ్యేది. ములకలపల్లి అవతల గుంతల దారిలో తల పైకప్పుకి కొట్టుకున్నప్పుడల్లా, ఆ దొర భయం పోవడానికి తన పేరున్న గొప్పవాళ్ళ గురించి చెప్పుకునేవాడు. ఆయన వెళ్ళిపోయాడు. ఆ గొప్పవాళ్ళందరూ వెంకటనారాయణ దగ్గర ఉండిపోయారు.

"లాస్లో అంటే ఎవరనుకున్నారు?" అని మొదలుపెట్టేవాడు ఎక్కడికెళ్ళినా. "పెద్ద రాజు. జనంలో నిలబడితే అందరి తలలూ ఆయన భుజాల దగ్గరే ఆగిపోయేవట. మీ జేబులో బాల్ పెన్నుందే, కనిపెట్టిందెవరు? లాస్లో బీరో! మూడు ఒలింపిక్స్‌లో బంగారం కొట్టిన బాక్సరెవరు? లాస్లో పాప్! మొన్న బీజింగులో ఈతకి దిగి మూడు పతకాలు మెళ్ళో వేసుకున్నదెవరు? లాస్లో చెహ్!" ఈ చివరాయన దొర చెప్పినవాడు కాదు. పేపర్లో వెంకటనారాయణ సొంతంగా వెతికి పట్టుకున్నాడు. ఆ రోజు బజారంతా మిఠాయి పంచబోతే, ఎందుకో తెలిశాక ఎవరూ చెయ్యి చాపలేదు.

ఇవన్నీ అయ్యాక అసలు బాణం తీసేవాడు. "తాత పేరు పెట్టారనుకో, రేపు వాడు అల్లరి చేస్తే ఏమని తిడతారు? వెధవా అంటే తాతని అన్నట్టే. కోడలు మామ పేరెత్తకూడదు. భార్య భర్త పేరెత్తకూడదు. అదే లాస్లో అనుకో, హాయిగా ఒరే అనొచ్చు, వెధవా అనొచ్చు, వీపు మీద ఒకటి వెయ్యొచ్చు. ఇక్కణ్నుంచి బెజవాడ దాకా ఎవరి తాతకీ తగలదు!"

ఇంత చక్కటి వాదనని ఎవరూ ఎన్నడూ ఒప్పుకున్న పాపాన పోలేదు.

వైరాలో ఇద్దరన్నదమ్ములు తండ్రి పేరు నా కొడుక్కంటే నా కొడుక్కని గునపాలు పట్టుకునేదాకా వచ్చారు. వెంకటనారాయణ మధ్యలో నిలబడి, "ఇద్దరికీ లాస్లో అని పెట్టండి. పెద్ద లాస్లో, చిన్న లాస్లో," అన్నాడు. అన్నదమ్ములు గునపాలు కింద పడేసి ఈయన్ని పొలిమేర దాకా తరిమారు. దారి పొడవునా తమ్ముడు అన్నతో, "చూశావా అన్నయ్యా, మన నాన్న పేరుకి ఈ గతి పట్టించాలని చూశాడు," అన్నాడు. చివరికి అన్న కొడుక్కి తండ్రి పేరులో ముందు సగం, తమ్ముడి కొడుక్కి వెనక సగం పెట్టుకున్నారు. జీపు టైర్లలో మాత్రం ఇద్దరూ కలిసి గాలి తీశారు.

భద్రాచలంలో ఇద్దరు భాగస్తులు కిరాణా కొట్టుకి ఎవరి అమ్మ పేరు పెట్టాలని విడిపోయే దాకా వెళితే, "లాస్లో కిరాణం అండ్ జనరల్ స్టోర్స్," అన్నాడు. ఇప్పుడు ఆ బోర్డు మీద రెండమ్మల పేర్లూ ఉన్నాయి. ఆయనకి మాత్రం ఆ కొట్లో ఉప్పు పొట్లం కూడా ఇవ్వరు.

ఒక ఆడపిల్ల బారసాలలో, "ఆడపిల్లక్కూడా లాస్లోయేనా?" అని నిలదీశారు. "ఏం, ఆడపిల్ల రాజ్యం ఏలకూడదా?" అన్నాడు. ఆ రోజు ఆయన మీద పడిన మజ్జిగ మరక చొక్కాకి ఇప్పటికీ ఉంది.

అలాంటి మనిషి జీపు దిగి వసారాలోకి వచ్చాడు. బిచ్యాని ఒకసారి, భారతమ్మని ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. రాజు అయ్యాడు, పెన్ను అయింది, బాక్సర్ అయ్యాడు, ఈతగాడూ అయ్యాడు.

"కాబట్టి," అన్నాడు, "లాస్లో అని పెట్టండి."

భారతమ్మ కొంగు దోపింది. బిచ్యా చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. తిట్టడానికి ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చారు.

"గదే పెడదాం," అంది కవిత, పిల్లాణ్ని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చి.

పీల్చిన ఊపిరి ఇద్దరికీ లోపలే ఉండిపోయింది.

"అత్తమ్మా, మామయ్య పేరు పెడితే నువ్వు పిలుస్తవా? పిలవవు. నేను పిలిస్తే ఊకుంటవా? ఊకోవు. నాయినా, తాత పేరు పెడితే అమ్మ పిలుస్తదా? ఆమెకు మామ పేరాయె. ఇంట్ల ముగ్గురం ఆడోళ్ళం. ముగ్గురికీ నోరు రాదు. మరి పిల్లగాణ్ని బువ్వకు పిలిచేదెవరు? నారాయణ బాబాయ్ చెప్పింది కరెక్టు. లాస్లో!"

ఆయన జన్మలో వినని మాట అది. సంతోషంతో ఎగురుతాడని మురళీకృష్ణ చూశాడు. వెంకటనారాయణ మొహంలో నెత్తురు చుక్క లేదు. మురళీకృష్ణ జబ్బ పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయాడు.

"ఒరే, మీ ఆవిడ ఒప్పుకుందేంటిరా!"

"సంతోషించు బాబాయ్. ఇన్నాళ్ళకి ఒక్కరు దొరికారు."

"నీ మొహం! అది పెట్టుకోడానికి చెప్పే పేరు కాదురా."

"మరి?"

"తిట్టించుకోడానికి." వెంకటనారాయణ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇద్దరు కొట్టుకునేటప్పుడు ఎవరిది న్యాయమని చెప్పకూడదురా. చెబితే ఒకడు పగవాడవుతాడు. ఇద్దరికన్నా తిక్క మాట మూడోవాడు ఆడాలి. ఇద్దరూ కలిసి వాడి మీద పడతారు. కలిసి తిట్టినవాళ్ళు వెంటనే విడిపోయి తిట్టుకోలేరు, సిగ్గేస్తుంది. ఆ సందులో ఎవరో ఒకరు కాఫీ తెస్తారు. అయిపోయింది."

చేతిలో గునపాలు వదిలేసిన అన్నదమ్ములు, రెండమ్మల పేర్లున్న బోర్డు, అన్నీ ఒక్కసారిగా మురళీకృష్ణ కళ్ళ ముందు తిరిగాయి. ఊరంతా పిచ్చోడనుకున్న మనిషి, ఇన్నేళ్ళూ ఊరి తిట్లన్నీ కావాలని తన జీపులో ఎక్కించుకుని తిరిగాడు.

"మరి ఇప్పుడేమైంది బాబాయ్?"

"ఇప్పుడు ఇద్దరూ ఓడిపోయార్రా! మీ అమ్మ ఓడింది, మీ మామ ఓడాడు. నన్ను తిట్టనే లేదు. ఆ తిట్లన్నీ లోపలే ఉన్నాయి. మీ మామ ఇప్పుడు నిజంగానే బస్సెక్కుతాడు. మళ్ళీ రాడు. పద, ఆ పేరు నేనే చెడగొడతాను."

లోపల ఎవరి గోడ వైపు వాళ్ళు తిరిగి కూర్చున్నారు. బిచ్యా ఒక కాలికి చెప్పు తొడిగేశాడు కూడా. వెంకటనారాయణ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా కవితా, నేను అన్నీ చెప్పలేదమ్మా. ఆ బీజింగు ఈతగాడు మూడు పతకాలు తెచ్చాడా, మూడూ వెండివే. మూడుసార్లూ రెండోవాడే. మన పిల్లాడికి అలాంటి పేరు..."

గోడ వైపు తిరిగి కూర్చున్న కవిత తల్లి మంగమ్మకి ఆ మాట తగిలింది. వెండి కడియాలు గలగలమనిపిస్తూ ఇటు తిరిగింది. "వెండి అంటే గంత తక్కువనా? మా అత్త నాకు పెట్టింది ఏందనుకున్నవు?"

"ప్రపంచం మొత్తంలో రెండోవాడంటే మాటలా?" అంది భారతమ్మ, తనకే తెలియకుండా. "మా వాడు డిగ్రీలో రెండో సంవత్సరం కూడా దాటలేదు."

వెంకటనారాయణ పెన్ను మీద పడ్డాడు. "ఆ పెన్ను ఒకటి! ఎండాకాలం జేబులో కక్కి చొక్కాలన్నీ..."

"ఏ పెన్ను కక్కింది?" బిచ్యా లేచాడు. "స్తంభాలెక్కి దిగి, ఎండల నిలబడి గా పెన్నుతోనే రాసిన. ఒక్కనాడు కక్కలే. నువ్వు తక్కువ పైసల సస్తాది కొని ఉంటవు!"

"అన్నయ్యగారు చెప్పింది నిజం," అంది భారతమ్మ. ఆమె ఆయన మాటని బలపరచడం అదే మొదలు.

"సరే, బాక్సరు? మనుషుల్ని గుద్ది బతికేవాడమ్మా!"

"గుద్దకపోతే ఈ బజారులో బతకనిస్తారా? మీలాంటివాళ్ళు ఉంటే?" అంది భారతమ్మ.

"ఆ రాజు మరీ పొడుగు. ఈ గుమ్మంలో తల కొట్టుకుంటుంది..."

"గుమ్మం ఎత్తు చేపిస్తం!" అరిచాడు బిచ్యా. "నీకేంది నొప్పి? మా మనుమడు, మా గుమ్మం! ఏం చెల్లెమ్మా?"

"కాక మరేమిటి! మా ఇంటికొచ్చి మా పిల్లాడి పేరుకి వంకలు పెడతాడేమిటి అన్నయ్యగారూ ఈయన? పుట్టి నెల కాలేదు, అప్పుడే వెక్కిరింపులా?"

"పేరు చెప్పిందీ నువ్వే, కాదనేదీ నువ్వేనా? పో పో, జల్దీ జీపు తియ్యి!"

ఇద్దరూ కలిసి ఆయన్ని గుమ్మం దాటించారు. అక్కడితో ఆగలేదు, మెట్లు కూడా దింపారు. తిరిగొచ్చి ఒకే చాప మీద కూలబడి రొప్పుతున్నారు. బిచ్యా కాలి చెప్పు ఎక్కడ విడిచాడో ఆయనకే తెలియదు. మంగమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి, ఎవరి ఇల్లు అని అడక్కుండా పాలు పొయ్యి మీద పెట్టింది.

"రేషను కార్డులో, బడి కాగితాల్లో వెనకా ముందూ ఆ ఇద్దరు పెద్దాయనల పేర్లూ రాయించండి," అంది భారతమ్మ, విసనకర్ర బిచ్యా వైపు కూడా తిప్పుతూ. "ఇంట్లో పిలవడానికి మాత్రం ఇదే. ఒరే మురళీ, ఏం చూస్తావు, రాయి!"

మురళీకృష్ణ బియ్యంలో ఉంగరంతో రాశాడు. కొత్త లాస్లో కళ్ళు తెరిచి ఆవులించాడు. ముగ్గురు పెద్దవాళ్ళూ, కవితా ఒకరి మీద ఒకరు పడి, "లాస్లో! లాస్లో! ఇటు చూడరా!" అని అరిచారు. పిలవడానికి ఒక్కరికీ నోరు అడ్డం రాలేదు.

మురళీకృష్ణ కాఫీ గ్లాసు పట్టుకుని బజారులోకి వెళ్ళాడు. వెంకటనారాయణ జీపు బానెట్ మీద కూర్చుని, లోపలి నవ్వులు వింటున్నాడు. గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో సగం తాగేశాడు.

"గండం గడిచింది బాబాయ్. నీ పుణ్యం."

"గడిచింది నీకు. నా సంగతేంటి? ఎల్లుండి పాల్వంచలో కవల పిల్లలు. రెండు వైపుల వాళ్ళూ ఇప్పుడే కస్సుబుస్సుమంటున్నారు. లాస్లో అంటే ఇంకెవరు తిడతారురా? ఆ, సారపాక భారతమ్మ మనవడి పేరు, బావుంది, పెట్టేద్దాం అంటారు."

"అయితే ఏం చేస్తావు?"

వెంకటనారాయణ మిగిలిన కాఫీ తాగి గ్లాసు చేతికిచ్చాడు. జీపు ఎక్కి, ఇంజన్ ముందు ఎప్పటిలాగే దగ్గి తర్వాత అందుకునేదాకా ఆగాడు. అప్పుడు తల బయటపెట్టి, ఎవరూ వినకుండా అడిగాడు.

"చదువు మానేశావు గాని నెట్ సెంటర్‌కి వెళ్ళడం మానలేదుగా? రేపు వెళ్ళి నాకో పేరు చూసిపెట్టరా. ఏ దేశానిదైనా ఫర్వాలేదు. గొప్పవాళ్ళు నలుగురైనా ఉండాలి, లేకపోతే వాదించడానికి నాకు ఊపు రాదు. కానీ చూడగానే ఒళ్ళు మండాలి. ముందు మీ ఆవిడకి వినిపించు. ఆమె ఛీ అందా, అదే ఖాయం చెయ్యి."