దీపపు పెట్టె, మొలకల పున్నమి

1938వ సంవత్సరం జూన్ నెలలో నన్ను ధర్మవరం నుంచి పెనుకొండకు వ్యవసాయ ప్రదర్శకుడిగా బదిలీ చేశారు. ఆ రోజుల్లో వ్యవసాయ శాఖలోని పట్టభద్రుల ఉద్యోగాలలో ప్రదర్శకుడిది అట్టడుగు మెట్టు. మా పైన జిల్లా వ్యవసాయాధికారి, ఆయన పైన ఉపసంచాలకుడు ఉండేవారు. మా కింద ఒక మేస్త్రీ, ఒక సైకిలు ఉండేవి. శాఖ మెరుగుపరచిన విత్తనాన్ని రైతు పొలంలోనే, అతని పాత విత్తనం పక్కన వేసి, తేడాను అతని నోటనే చెప్పించడం మా విధి. చెప్పించడమన్న మాట ఉత్తర్వులలో ఉండేది. ఆచరణలో మాకు ఎక్కువగా వినడమే పని.

మా వంశంలో పట్టా పుచ్చుకొన్న మొదటివాణ్ణి నేను. మా నాయన మడకశిర వైపు గొర్రెలు మేపేవాడు. అందుచేత పెనుకొండలో అద్దెకు గది దొరకడం, బదిలీ ఉత్తర్వు దొరికినంత సులభం కాలేదు. మీరు ఏమిటివాళ్లన్న ప్రశ్న దగ్గర చాలా తలుపులు మర్యాదగానే మూసుకొన్నాయి. చివరకు కోట గోడ పక్క వీధిలో నరసమ్మ అనే పెద్దామె ఆ ప్రశ్న అడిగి, నా జవాబు విని, తలుపు ఇంకొంచెం తెరిచింది.

"గొర్రెలోళ్లయితే ఏమప్పా? చేన్లో ఎరువుకు మంద తోలించుకోకుండా ఈడ ఎవురు పంట తీసిరి?" అని ముందరి గది తాళం నా చేతికిచ్చింది. వీధి వీధంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. నేనూ అట్లాగే పిలిచాను.

ఆగస్టు నెలలో హిందూపురంలో వ్యవసాయ ప్రదర్శన ఏర్పాటయింది. మా శాఖకు కేటాయించిన స్థలం ఒక బెల్లం గిడ్డంగి. దానికి తలుపు తప్ప కిటికీ లేదు. అందులో కొత్త జొన్న విత్తనాన్నీ పాతదాన్నీ పక్కపక్కన మొలిపించి, ప్రదర్శన జరిగినన్నాళ్లూ పచ్చగా నిలిపి చూపించాలని జిల్లా వ్యవసాయాధికారిగారు ఆదేశించారు. వెలుతురు లేని చోట మొక్క పాలిపోతుంది. ఆకుకు పచ్చదనం రాదు, కాడ మాత్రం వెలుతురును వెతుక్కుంటూ సన్నగా సాగుతుంది. కళాశాలలో దీన్ని మాకు ఒక లోపంగా బోధించారు. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కులు తరువాత నన్ను ఎక్కడికి తీసుకుపోయాయో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను ఒక దీపపు పెట్టెను తయారుచేశాను. సరుకులు వచ్చే దేవదారు చెక్క పెట్టె ఒకటి సంపాదించి, కిరోసిన్ డబ్బాల రేకును చింతపండుతోనూ బూడిదతోనూ తోమి, అద్దంలా మెరిసేదాకా తోమి, లోపలి గోడలకు కొట్టించాను. ఒక పక్క చెక్క తీసివేసి గాజు పలక అమర్చాను. ఆ గాజుకు ఎదురుగా, పెట్టె బయట, గ్యాసు లైటును నిలిపాను. పెళ్లి ఊరేగింపులలో నెత్తిన మోసుకుపోయే లైటే అది. గాలి కొడితే కిరోసిన్ ఆవిరై మాంటిలనే వలసంచిని వెలిగిస్తుంది. దాని వేడికి మొలకలు కమలకుండా, దీపానికీ గాజుకూ నడుమ నీళ్లు నింపిన గాజు జాడీలను వరుసగా పేర్చాను. వెలుతురు నీళ్లను దాటిపోతుంది, వేడి చాలామట్టుకు అక్కడే ఆగుతుంది. పెట్టె వెనుక తలుపుకు బదులు తడి గోనెపట్టా వేలాడదీశాను.

హిందూపురంలో పెట్టె విజయం సాధించింది. మొలకలు పొట్టిగా, గట్టిగా, ముదురు ఆకుపచ్చగా నిలిచాయి. చూడవచ్చిన రైతులు విత్తనాల తేడాను పట్టించుకోలేదు. ఆ లైటు ఏ పెళ్లివారిదని, మొలకలకు ముహూర్తం ఎప్పుడని అడిగి పోయారు. అధికారిగారు మాత్రం సంతోషించి, తొందరలో పెనుకొండకు వచ్చి ఈ ఉపకరణం పనితీరును స్వయంగా తనిఖీ చేస్తానని, అది బాగుంటే జిల్లా అంతటా ప్రవేశపెడతామని సెలవిచ్చారు. నేను పెట్టెను రైలులో పెనుకొండకు తెచ్చి, నా గదిలో గౌరవంగా ప్రతిష్ఠించాను.

అప్పటికి మొలకల పున్నమి దగ్గరపడింది. ఆ వీధిలో ఆడవాళ్లు అమావాస్యనాడు వెదురు గంపలో ఎర్రమట్టి, గొర్రెల ఎరువు పోసి, నవధాన్యాలు చల్లి, ఇంటి లోపలి గదిలో ఉంచుతారు. పున్నమి సాయంత్రం గంపలను నెత్తిన పెట్టుకొని, పాటలు పాడుకొంటూ ఊరిబయటి వంకకు పోయి, మొలకలను నీళ్లలో విడుస్తారు. ఆనాటిదాకా ఒకరి గంప ఒకరికి చూపరు. ఎవరి మొలకలు మేలుగా వస్తే వారి గంప వరుసలో ముందు నడుస్తుంది. మా ఊళ్లో ఈ పండుగ లేదు కనుక నాకు దీన్ని గురించి తెలిసింది అంతే.

అవ్వ ఇంటికి ఆ ఏడే కొత్త కోడలు వచ్చింది. కొత్త కోడలు మోసే మొదటి గంపకు ఏ స్థానం దొరికితే, వీధి ఆ పిల్లను ఆ ఏడంతా ఆ స్థానంలోనే చూస్తుంది. గంప చివరన నడిచిందంటే ఆ పిల్ల చెయ్యి మంచిది కాదని మాట పడుతుంది. ఆ మాట వంటింటిదాకా, ఆ పైన పుట్టింటిదాకా పోతుంది. ఎదురింటి ఓబులమ్మ గంప చాలా ఏండ్లుగా ముందు నడుస్తోంది. ఈ ఏడు ముసురు పట్టి, చలికి అవ్వ చల్లిన గింజలు సగం కుళ్లిపోయాయి. కోడలు ఆ గంప పక్కన కూర్చొని ఏడుస్తూంటే అవ్వ నన్ను లోపలికి పిలిచి చూపించింది.

కుళ్లగా మిగిలిన నాలుగు మొలకలూ పసుపు పచ్చగా, నూలుపోగుల్లా ఉన్నాయి. వాటిని చూడగానే నాకు పరీక్ష ప్రశ్న జ్ఞాపకం వచ్చింది. ఇవి పాలిపోయిన మొక్కలని, వీటికి తగినంత వెలుతురు లేకపోవడమే కారణమని, తిరిగి చల్లితే ఆరోగ్యవంతమైన మొలకలను తెప్పించే భారం నాదని మనవిచేశాను.

"నువ్వు మొలకల చదువే కదప్పా చదివింది," అని అవ్వ గింజలు నా చేతిలో పోసింది.

గింజలు నానబెట్టి, గంపలో చల్లి, గంపను పెట్టెలో పెట్టి, లైటు వెలిగించాను. మొలకలు నిక్కచ్చిగా శాఖ కోరినట్లే వచ్చాయి. కొన్నాళ్లకు గోనెపట్టా ఎత్తి అవ్వను పిలిచాను. పొట్టిగా, దిట్టంగా, చిలుకరెక్కల వన్నెలో గంప నిండుగా ఉన్నాయి. ఆమె చాలాసేపు చూసింది. కోడలిని పిలిచి చూపించింది. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. అది ఏడుపో నవ్వో నాకు తెలియలేదు. అంతలో మజ్జిగకని వచ్చిన ఓబులమ్మ గడప మీదనుంచే తొంగి చూసింది.

"ఏం వదినా, మొలకలు పోసినావా, మేకకు మేత పోసినావా?"

అవ్వ ఆమెకు మజ్జిగ పోసి, ముంతతో సహా సాగనంపి, నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. మొలకలు బంగారు తీగల్లా ఉండాల. పచ్చగుంటే అవి చేనిలో పైరు, పండుగ గంప కాదు. అందుకే ఎవరూ చీకటి గది విడిచి బయటికి తియ్యరు. నేను లోపమని చదివినదాన్ని ఈ వీధి తరతరాలుగా ప్రయత్నపూర్వకంగా పండిస్తోంది.

"ఇంగ వారం ఉండాది పున్నమి. ఏం చేస్తావో చెయ్యి. చెయ్యలేకుంటే ఇప్పుడే చెప్పు, ఆ పిల్లను పుట్టింటికన్నా పంపిస్తా."

నేను గదిలోకి వచ్చి పెట్టె ఎదుట కూర్చొన్నాను. మొక్కను పచ్చగా, పొట్టిగా ఉంచేందుకు నేను చేసిన ఏర్పాట్లను ఒక్కొక్కటిగా తలకిందులు చేస్తే, అది పచ్చదనం లేకుండా పొడవుగా పెరగవలసిందే. చలికి కుళ్లకుండా వేడి కావాలి, వెలుతురు కాకూడదు. గాజు పలకకు రేకు కప్పి, సందులన్నిటికీ మట్టి మెత్తాను. వేడిని ఆపే నీళ్ల జాడీలను తీసివేశాను. గ్యాసు లైటును పక్కనబెట్టి, రేకు వెనుక మామూలు లాంతరు ఉంచాను. రేకు వెచ్చబడుతుంది, లోపల చీకటి చెడదు. గంపలో కొత్తగా నానబెట్టిన గింజలు చల్లి లోపల పెట్టాక, గోనెపట్టా మీద అవ్వ తన పాత కంబళి కూడా కప్పింది. దీపపు పెట్టె ఈ విధంగా చీకటి పెట్టె అయింది. రోజూ నీళ్లు చల్లే పని కోడలు తీసుకొంది. కంబళి కింద చెయ్యి దూర్చి, కళ్లతో చూడకుండా, చేత్తో తడుముతూనే చల్లేది. మొదటి గింజ మొలిచిన సంగతి కూడా ఆమె వేలికొసతోనే కనిపెట్టి చెప్పింది.

పున్నమి ముందటి రోజున జిల్లా వ్యవసాయాధికారిగారు ముందుగా తెలపకుండా వచ్చారు. ధర్మవరంలో రైలు మారవలసి ఉండగా ఖాళీ సమయం దొరికిందని, ఇటు వచ్చి ఉపకరణం చూడదలచానని అన్నారు. ఆయన గెజిటెడు హోదాగల అధికారి. మా వంటివారు ఆయన ఎదుట కూర్చోవడం కూడా అలవాటులో లేదు. ఆయన కంబళి కప్పిన పెట్టెను, రేకు కప్పి మట్టి మెత్తిన గాజును, వెనుక మిణుకుమంటున్న లాంతరును వరుసగా చూశారు.

"ఏమండీ, ఇది దీపపు పెట్టె అని కదూ మీరు రాశారు? దీపం బయటా, చీకటి లోపలా ఉన్నట్టుందే."

ప్రయోగాన్ని కొంత సవరించవలసి వచ్చిందని విన్నవించుకొన్నాను. అయితే తెరవండి, చూద్దామన్నారు. నేను కంబళి అంచు పట్టుకొన్నాను. అప్పటికే అవ్వ వచ్చి పెట్టెకూ నాకూ నడుమ నిలబడింది.

"తెరిచేది లేదు సామీ. వెలుతురు తగిలితే పచ్చబడతాయి. రేపు సాయంత్రం వంక కాడికి రా, అందరితో పాటు చూడు."

ఆయనది తనిఖీ అధికారమని, తనిఖీ అంటే చూడడమేనని నేను ఆమెకు నచ్చజెప్పబోయాను. ఆమె నా మాట వినిపించుకోలేదు. ఆయన్నే, చూడకుండా తెలుసుకొనే చదువు పెద్ద ఆఫీసర్లకు చెప్పించరా అని అడిగింది. అధికారిగారు ఒక క్షణం నన్ను, ఒక క్షణం ఆమెను చూశారు. తరువాత నెమ్మదిగా కూర్చొని బూట్లు విప్పారు. కోడలు చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన కాళ్లూ చేతులూ కడుక్కొని, కోటు చేతిని మోచేతిదాకా మడిచి, కంబళి కిందికి చెయ్యి దూర్చారు. అవ్వ కంబళి అంచులను ఆయన మోచేతి చుట్టూ గట్టిగా బిగించి పట్టుకొంది. గెజిటెడు అధికారి ఒకరు ఆ విధంగా తనిఖీ చేయడం నా ఉద్యోగకాలంలో మళ్లీ చూడలేదు.

"జానెడు దాటాయి," అన్నారాయన. తరువాత మరికొంచెం తడిమి, "మెత్తగా ఉన్నాయి, మా అమ్మ పెళ్లిళ్లకు పెంచే పాలికల మొలకల్లా," అన్నారు. చెయ్యి తీసి, తుడుచుకొని, బండి వేళయిందని వెళ్లిపోయారు. కొన్నాళ్లకు వచ్చిన తనిఖీ నివేదికలో, ఉపకరణం రెండు విధాలా పనిచేయుచున్నదని, జిల్లా అంతటా ప్రవేశపెట్టవలసిన అవసరం కనబడలేదని ఉన్నది.

పున్నమి సాయంత్రం కంబళి తీశారు. మొలకలు లేత పసుపు వన్నెలో, పట్టుపోగుల్లా మెరుస్తున్నాయి. అంత పొడుగు పెరిగినందువల్ల నిలబడలేక గంప అంచు మీదికి ఒరిగాయి. కోడలు పసుపు దారం తెచ్చి వాటికి నడుము కట్టింది. వీధి పెద్దలు గంపలన్నీ వరుసగా పెట్టించి చూశారు. ఓబులమ్మ గంప కూడా బంగారు వన్నెలోనే ఉంది. పొడుగులో వేలెడు తక్కువ. ఆమే ముందుగా లేచి, "పోనీలే, కొత్త పిల్ల. ముందు నడవనీండి. వచ్చే ఏడు చూస్తా," అని తన గంపను రెండవ స్థానానికి జరుపుకొంది. కోడలు గంప ఎత్తుకొని ముందు నడిచింది. అవ్వ ఆమె వెనుక పాట ఎత్తుకొంది. ఆనాటినుంచి వీధిలో ఆ పిల్ల చేతిని గురించి ఎవరూ మాట అనలేదు.

మరుసటి వేసవి చివర నన్ను ముదిగుబ్బ వైపు పొట్టి జొన్న రకం ప్రచారానికి పంపారు. కంకి పెద్దది, గాలికి పడిపోదు, శాఖ లెక్కలో అది మేలైన రకం. విత్తనాల మూట విప్పకముందే అక్కడి రైతులను, జొన్న మీకు దేనికోసమని అడిగాను. గింజ సగం, సొప్ప సగమని, ఎండాకాలంలో ఎద్దులు బతికేది సొప్ప మీదనేనని చెప్పారు. పొట్టి రకానికి సొప్ప రాదు. మూటను విప్పకుండానే తిరిగి పంపి, పొడుగు రకం కావాలని కారణంతో సహా రాశాను. దానికి అభ్యంతరం రాలేదు. పొడుగు విత్తనం వచ్చింది, వాళ్లు వేసుకొన్నారు. పైరును బాగుచేయడానికి ముందు అది ఎవరికి, దేనికి పనికి రావాలో అడిగి తెలుసుకోవాలి. బాగు అన్నది మొక్కలో ఉండే గుణం కాదు, దాన్ని పండించేవారి అవసరంలో ఉండే గుణం. ఉద్యోగం విరమించేదాకా నేను మొదట అడిగిన ప్రశ్న అదే.