చివరి విజిల్ దాకా

గ్యాస్ బండివాడు మా వీధి మలుపులో సిలిండర్ మీద స్పానరుతో రెండుసార్లు కొడతాడు. తాను వచ్చినట్టు అతను చెప్పే పద్ధతి అది. ఇనుము మీద ఇనుము పడిన ఆ చప్పుడు నాకు మాత్రం గోలుపోస్టుకు మనిషి తల తగిలినట్టే వినిపిస్తుంది. రెండూ ఒకటి కావని తెలుసు. ఆ రోజు తల తగిలిన శబ్దం ఇంకా మెత్తగా వచ్చింది, తరువాత ఇనుప గొట్టం కొంచెంసేపు మోగింది. అయినా ఆ చప్పుడు వినగానే చేతిలో పని ఆగిపోతుంది. పోయిన మంగళవారం అలా ఆగిన సమయంలోనే ఫోన్ వచ్చింది. చేసింది సత్తిబాబు, ఒకప్పుడు మా నర్సీపట్నం ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరు. జట్టు చరిత్ర మీద సావనీర్ వేస్తున్నారట. "గోల్స్ కొట్టినోళ్ళ పేర్లు అందరికీ నోటికొచ్చు మేడమ్. వెనక కాసే డిఫెండర్ల లెక్కే ఎక్కడా లేదు. మొదట్నించీ ఆడినోళ్ళలో గొప్పోళ్ళు పదిమంది, వరసలో కావాలి. ఆ లెక్క మీ దగ్గర తప్ప ఇంకెక్కడుంటాదండీ?" అన్నాడు.

ఉంది. నాలుగు పొడుగు పుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాలు నా చేత మొదలుపెట్టించినవారు దానియేలు మాస్టారు.

మిషన్ స్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టారు, నేను లెక్కల టీచర్ని. స్కూలు వదిలిన కుర్రాళ్ళను పోగుచేసి, సాయంత్రాలు మా గ్రౌండులోనే ఆడిస్తూ ఆయన ఊరి జట్టును నడిపేవారు. పొట్టి మనిషి. ఎడమ మోకాలు పూర్తిగా వంగేది కాదు. చర్చికి వచ్చేటప్పుడు కూడా చొక్కా జేబులో విజిల్ ఉండేది. ఆటకు ముందు కుర్రాళ్ళు ప్రార్థన చేస్తామంటే, "గెలిపించమని అడక్కండిరా. ఎవరికీ దెబ్బ తగలకూడదని అడగండి, గెలుపు సంగతి మనం సూసుకుందాం" అనేవారు. ఒకసారి నోటీసు బోర్డు మీద ఆయన పెట్టిన పాయింట్ల పట్టికలో కూడిక తప్పు కనిపిస్తే ఎర్ర సిరాతో దిద్దాను. మర్నాడు స్టాఫ్ రూముకు వచ్చి నా బల్ల మీద ఒక కొత్త పుస్తకం పెట్టారు. "తప్పులు పట్టడం బాగానే ఉందమ్మా. వచ్చి మీరే రాయండి మరి."

వెళ్ళాను. మొదటి మ్యాచ్‌లో గోలు ఎవరు కొట్టారో, ఎన్నో నిమిషంలో కొట్టారో శ్రద్ధగా రాసి చూపించాను. ఆయన పేజీ తిరగేసి వెనకవైపు కూడా చూశారు.

"ఇదేటమ్మా, కొట్టినోడి పేరే రాసేరు. ఆడి పేరు ఊరంతా సెప్తాది. ఆపినోడు మీకు కనపడలేదా?"

"ఆగిపోయిన గోలుకు లెక్కేమిటండీ? అది జరగలేదు కదా?"

"జరక్కండా ఒకడు సేసేడు కదా. ఆణ్ణి లెక్కెట్టండి."

నాకు అప్పటికి పదకొండేళ్ళ సర్వీసు. ఆ మాట విన్నాక పరీక్ష పేపర్లలో పిల్లలు రాసి కొట్టేసిన లైన్లు కూడా చదవడం మొదలుపెట్టాను. పిల్లవాడు ఎక్కడ తప్పులో పడబోయి ఆగాడో అక్కడ తెలుస్తుంది. అలా చదవమని నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

మేమిద్దరం కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. మనకు ఒక్క గోలూ పడని ప్రతి మ్యాచ్‌కీ, ఆ రోజు వెనక నిలబడి కాసిన నలుగురికీ ఒక్కొక్క మార్కు. ప్రతి సోమవారం ఆటసామాన్ల గది తలుపు మీద నేను సుద్దతో వరస రాసేదాన్ని. కుర్రాళ్ళు అక్కడ మూగేవారు. "ఏరా, నువ్వు సూరన్నకి పోటీయేటి? ఆడి చెప్పులో కాలెట్టు ముందు" అని ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకునేవారు. సూరన్న లారీ మెకానిక్కు. ఆట మానేసేనాటికి అతనివి నలభై ఒక్క మార్కులు. అతన్ని దాటినవాడు లేడు.

తగువు ఒకరోజు వచ్చింది. చివరి అయిదు నిమిషాలు ఆడినవాడు కూడా మార్కు అడిగాడు. నేను అక్కడికక్కడే నిబంధన రాశాను: మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా మైదానంలో ఉంటేనే మార్కు. మాస్టారు చదివి తటపటాయించారు.

"దెబ్బ తగిలి వచ్చీసినోడి మాటేటమ్మా?"

"ఒక్క మినహాయింపు ఇస్తే అది లెక్క కాదండీ" అన్నాను.

ఆయన తల గోక్కున్నారు. "సరే. లెక్కల మేడమ్ మీరు."

లోవరాజు ఆ తరువాత వచ్చాడు. సముద్రం పక్క ఊరివాడు. తల్లి పోలమ్మ మా బజార్లో ఎండుచేపలు అమ్మేది. గట్టిగా మాట్లాడేవాడు కాదు. బంతి ఎటు వస్తుందో ముందే అక్కడ ఉండేవాడు. అతను ఆపినవి చాలావరకు ఎవరికీ తెలిసేవి కావు, అంత తేలిగ్గా ఆపేవాడు. సోమవారం తలుపు దగ్గర మాత్రం అందరికంటే ముందు నిలబడేవాడు. "మేడమ్, నాదెంతయ్యిందండీ?" ఇరవై మూడేళ్ళ వయసుకే అతని లెక్క నలభై ఒకటి అయింది. సూరన్నతో సమానం.

యలమంచిలి నుంచి వచ్చిన జట్టుతో ఆదివారం మ్యాచ్. యాభై రెండో నిమిషంలో, గోల్లోకి పోతున్న బంతిని ఎగిరి తలతో తోసేసి, ఆ ఊపులోనే పోస్టుకు కొట్టుకున్నాడు. నెత్తురు రాలేదు. లేచాడు. మాస్టారు గీత దగ్గరికి పరుగెత్తారు. "లోవా, వచ్చీరా! బేగి రా!"

"ఒద్దు సార్, బాగానే ఉన్నాను. ఇప్పుడొచ్చీస్తే నా లెక్క పోతాది." నావైపు తిరిగాడు. "మేడమ్, ఎంత టైముందండీ?"

"ముప్పై ఎనిమిది నిమిషాలు" అన్నాను.

అరవై ఒకటో నిమిషంలో మళ్ళీ నా ముందుకు వచ్చి అదే అడిగాడు. చెప్పాను. "మనం ఏ వైపు కొట్టాలండీ?" అన్నాడు. వేలితో చూపించాను. ఆ మాట, ఆ నిమిషం పుస్తకంలో రాసుకున్నాను. దూరం నుంచి మాస్టారు కేకేశారు. "ఏటంటన్నాడమ్మా?"

"టైమడిగాడండీ" అన్నాను. అది అబద్ధం కాదు.

గోలు పడలేదు. చివరి విజిల్ మోగాక లోవరాజు బెంచీ మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు. జీపులో విశాఖపట్నం తీసుకెళుతుంటే దారిలోనే పోయాడు. ఆ సోమవారం తలుపు మీద ఎవరూ ఏమీ రాయలేదు.

గురువారం హెడ్మాస్టరు గదికి పోలమ్మ వచ్చింది. ఏడవడం అయిపోయిన మొహం. "సగంలో వస్తే లెక్క పోతాదన్నాడంట మావోడు. ఏటి లెక్క బాబూ అది? నాట్లకెళ్తే సగం పూటకి సగం కూలైనా ఇత్తారు. మీ ఆటలో అదీ నేదా? ఎవులెట్టేరు ఆ రూలు?"

పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. నేను నోరు తెరిచే లోపల మాస్టారు లేచి నిలబడ్డారు. "నేనేనమ్మా. ఆ రూలు నాది."

పోలమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. తిట్టలేదు. ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. వరండాలో నేను ఆయన వెంటపడ్డాను. "మాస్టారూ, అలా ఎందుకు చెప్పారు? అది నేను..."

"మీరు రాసేరు. ఒప్పుకున్నది నేను. ఆణ్ణి చెయ్యట్టుకుని లాగనిదీ నేనే."

"అయినా నిజం చెప్పాలి కదండీ."

"సెప్పాలనుంటే లోపల సెప్పుండాల్సిందమ్మా." ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

జట్టును ఆయన దగ్గర్నుంచి తీసేశారు. రిటైరయ్యేదాకా డ్రిల్లు మాత్రమే చెప్పారు. ఊళ్ళో ఆయన పేరు మారిపోయింది, 'గుంటణ్ణి సంపీసిన మాస్టారు' అని. నేను ఏ ఒక్కరినీ సరిదిద్దలేదు. కూడికలో ఒకటి తేడా వస్తే ఊరుకోని మనిషిని, ఇది మాత్రం ఊరుకున్నాను.

ఆయన మంచం పట్టాక బలిఘట్టం దారిలో వాళ్ళింటికి వెళ్ళాను. అరవై ఒకటో నిమిషం సంగతి అప్పుడు చెప్పాను. రెండోసారి టైమడిగాడని, ఏ వైపు కొట్టాలో తెలియలేదని, ఆయనకు నేను సగమే చెప్పానని. ఆయన గోడవైపు తిరిగారు.

"అప్పుడు దించుంటే బతికుండునా?"

"తెలియదండీ."

"పుస్తకంలో ఉందా?"

"ఉంది."

"ఉంచండి. కొట్టీకండి." క్షమించారో లేదో నాకు తెలియదు. తొమ్మిదేళ్ళ కిందట ఆయన్ని సమాధి చేసిన రోజున నా వెనక ఇద్దరు ఆ పాత పేరే గుసగుసగా అనుకున్నారు. వెనక్కి తిరిగాను. వాళ్ళ మొహాలు చూశాను. మళ్ళీ ముందుకు తిరిగాను.

మొన్న జాబితా తయారుచేశాను. రెండుసార్లు సరిచూశాను. సూరన్న నలభై ఒకటి, రెండో స్థానం. లోవరాజు నలభై రెండు, మొదటి స్థానం. అతన్ని మొదట నిలబెట్టిన ఆ ఒక్క మార్కూ అతని ప్రాణం తీసిన మ్యాచ్‌ది. తీసేస్తే చచ్చిమరీ సంపాదించుకున్నది కాజేసినదాన్ని అవుతాను, ఉంచితే నా నిబంధన సరైనదని ఒప్పుకున్నట్టవుతుంది. చాలాసేపు ఆలోచించి ఉంచాను. కింద రెండు వాక్యాలు చేర్చాను. చివరి విజిల్ దాకా ఉంటేనే మార్కు అన్న నిబంధన నాది, దానియేలు మాస్టారిది కాదు. లోవరాజుకు తెలివి తప్పుతోందని అరవై ఒకటో నిమిషంలో నాకు తెలిసింది, నేను చెప్పలేదు.

సత్తిబాబు ఇంటికొచ్చి చదివి కాగితం బల్ల మీద పెట్టేశాడు. "ఇప్పుడివన్నీ ఎందుకు మేడమ్? మాస్టారూ లేరు, పోలమ్మా లేదు. ఎవులడుగుతారు?"

"ఎవరూ అడగరు. ఆ రెండు వాక్యాలు లేకుండా జాబితా ఇవ్వను."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. వేస్తానని అనలేదు, వేయనని అనలేదు. అతను వెళ్ళాక అలవాటు కొద్దీ లెక్క వేసుకున్నాను. ఆ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు పట్టింది. లోవరాజు మొత్తం బతికిందే ఇరవై మూడు.