లాయరు గారికి ఒకటో నంబరు

దేశం కాని దేశంలో, పాయింట్ కుక్ అనే శివారులో మేముంటాం. మా పక్కిల్లు ఒక సింహళ లాయరుది. కొలంబోలో నల్లకోటేసుకుని పేరు తెచ్చుకున్న మనిషి, ఇక్కడికొచ్చి కొడుకు వయసు పిల్లల పక్కన కూర్చుని మళ్ళీ పరీక్షలు రాసి, వీసా కేసులు పట్టాడు. ఇక్కడే స్థిరపడడానికి పెట్టుకున్న మా పీఆర్ దరఖాస్తు కొట్టేస్తే అప్పీలు గెలిపించింది ఆయనే. మా వీధిలో తెలుగువాళ్ళు చాలామంది ఆయన చలవతోనే ఇక్కడున్నారు. అలాంటి మనిషి రాష్ట్ర ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడితే, నాది కాలుగాలిన పిల్లి బతుకైంది. ఆఫీసులో కూర్చోలేను, ఇంట్లో నిలవలేను.

"నిలబడింది ఆయన. మీకెందుకండీ ఈ టెన్షను?" అనేది నా భార్య.

ఎందుకంటే నాకు లోపలి సంగతి తెలుసు. ఇది ఆయనకు రెండో ఎన్నిక. మొదటిసారి వాళ్ళ దేశంలో నిలబడ్డాడు. తమిళుల కేసులు వాదించాడన్న కోపంతో సొంత ఊరే మొహం తిప్పుకుంది. "మా చిన్నాన్న బూత్ బయట నా కళ్ళలోకి చూడలేదు," అని ఓ ఆదివారం పెరట్లో బార్బెక్యూ పొయ్యి దగ్గర చెప్పాడు. మా మధ్య మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఈసారి కూడా ఓడితే జన్మలో మళ్ళీ నిలబడనని భార్యకు మాటిచ్చాడట. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు కుదురు లేదు.

ఇక్కడ ఓటంటే మన దగ్గరలా ఒక్క గుర్తు మీద నొక్కేసి రావడం కాదు. నిలబడ్డవాళ్ళందరికీ వరసగా నంబర్లివ్వాలి. నచ్చినవాడికి ఒకటి, ఆ తర్వాతవాడికి రెండు, అలా చివరిదాకా. గళ్ళు ఖాళీగా వదిలేస్తే కాగితం మొత్తం చెల్లదు. ఇది చెప్పడానికి మా డాక్టరాంటీ ఇంటికి వెళ్ళాను. ఆవిడ రిటైరైన డాక్టరు, గుంటూరు మనిషి. మా గుడి భజన బృందమంతా ఆవిడ మాట జవదాటదు.

"అదేం పద్ధతయ్యా? మనోడి మీద పోటీకి దిగినోళ్ళకి మనమే మార్కులెయ్యాలా?"

"రూలాంటీ. వెయ్యకపోతే ఓటే పోతుంది."

"సర్లే, నువ్వు కాఫీ తాగు."

సర్లే అంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాను. తెలుగు పుట్టుక పుట్టి ఆ మాత్రం తెలియొద్దూ నాకు!

పోలింగ్ శనివారం. స్కూలు ఆవరణలో, ఇక్కడి పోలింగ్ ఆనవాయితీ ప్రకారం కాల్చి అమ్మే సాసేజీల పొగ, గేటు దగ్గర కరపత్రాలు పట్టుకుని మేము. భజన బృందమంతా పట్టుచీరల్లో దిగింది. బయటికొస్తూ ఆంటీ నాకేసి బొటనవేలెత్తి చూపించింది. నా ప్రాణం కాస్త కుదుటపడింది.

సాయంత్రం ఓట్లు లెక్కపెడుతుంటే అభ్యర్థి తరఫున చూసే మనిషిగా హాల్లో నిలబడ్డాను. చూడొచ్చు, కాగితాన్ని ముట్టుకోకూడదు. కిటికీలో ఇంకా ఎండ ఉంది. చెల్లని ఓట్లు ఒక పక్కన పేరుస్తున్నారు. మెడ సాచి చూశాను. లాయరు గారి పేరు పక్కన ఒకటి. మిగతా గళ్ళన్నీ ఖాళీ. దాని కింద కాగితమూ అంతే. దాని కిందదీ అంతే! ఒకదాని నెత్తిన, చిన్నగా, గుండ్రటి అక్షరాల్లో 'శ్రీ' అని రాసి ఉంది.

ఆ కుప్పను తీసి ఆయన కట్టలో కలిపేయాలని చేతులు పీకాయి. జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను.

ఫలితం తేలడానికి వారం దాటింది. ఆయన ఓడిపోయాడు. ఓట్ల తేడా మా బూత్‌లో చెల్లని కుప్పంత కూడా లేదు.

పలకరించడానికి అందరం వాళ్ళింటికి వెళ్ళాం. డాక్టరాంటీ కళ్ళు తుడుచుకుంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. "మేమైతే మీకు ఒక్కరికే వేశాం సార్. మిగతావాళ్ళకి గీత కూడా గియ్యలేదు. మా బ్యాచ్ మొత్తం అంతే, ప్రామిస్!"

నేను నోరు తెరిచాను. ఒళ్ళు మండిపోతోంది మరి. లాయరు గారు బల్ల కింద నా కాలు గట్టిగా తొక్కాడు. "థాంక్యూ, డాక్టర్. నాకెప్పుడూ ఎవరూ అలా వెయ్యలేదు," అన్నాడు.

గేటు దాకా వచ్చి, "ఆవిడకు చెప్పకు. అక్కడ నావాళ్ళు నాకు ఓటెయ్యలేదు. ఇక్కడ మీవాళ్ళు నాకు తప్ప ఎవరికీ వెయ్యలేదు. ఆ ఒక్కటీ నాకు ఉండనీ," అన్నాడు.

ఆయన భార్యకిచ్చిన మాట తప్పలేదు. మళ్ళీ వీసా ఫైళ్ళలో పడ్డాడు. నేనే ఇంకా కుదురుకోలేదు. గుళ్ళో కనపడినప్పుడల్లా డాక్టరాంటీ ప్రసాదం నా చేతిలో పెట్టి అదే అడుగుతుంది. "మళ్ళీ ఎప్పుడు నిలబడతాడయ్యా మన లాయరు గారు? భయపడొద్దని చెప్పు. ఈసారి కూడా ఆయనకొక్కడికే గుద్దేస్తాం."