ఏ బండితో లాగుతున్నారు?

జెద్దా నుంచి జిజాన్ వెళ్లే బస్సులో నా పక్క సీటాయన కడప మనిషి. కొత్తగా కొన్న కారవాన్‌ని ఫోన్‌లో చూపించాడు. రెండు మంచాలు, ఒక పొయ్యి, కిటికీకి పూల కర్టెన్. నా కళ్లకు మాత్రం అది చక్రాలు తొడిగిన రాజమహలు. ఇక దాన్ని లాగే కారు కావాలట.

“చిన్న కారు చాలదా?” అన్నాను. నాది చిన్న కారు.

“చాలదన్నా. ముందరిది బరువుండాల. లేకుంటే వెనకది దాన్ని ఊపి పారేస్తాది. వచ్చే వారం మా ఆమె వస్తాంది. ఇన్నాళ్లూ ఫోన్లోనే కాపురం చేసినాం. సముద్రం పక్కనే పండుకుందామంటాంది. ఆలోపల కారు దొరకాల.”

నా కడుపులో ఎడారంతా భగ్గుమంది. ఒకే ఇంట్లో ఉండే మా ఆవిడ, బాల్కనీ దాకా రమ్మంటేనే మోకాళ్ల నొప్పులంటుంది.

“మరి మీరెట్లుండారన్నా?”

“ఏదో, లాగుతున్నాం” అన్నాను నీరసంగా.

ఆయన కళ్లు మెరిశాయి. ఆశగా నా వైపు పూర్తిగా తిరిగాడు.

“ఏ బండితోనన్నా?”

అప్పటినుంచి ఎవరు కుశలం అడిగినా, బాగున్నామనే చెబుతున్నాను.