మామ్మ చంకలో పీట

మా పక్కింటి మామ్మ సోమవారం పొద్దున్న కాలవ మధ్యలో, దోనెలోనే పోయింది. వాంతులూ విరేచనాలూ. నర్సమ్మ ఉండే గది కాలవకి అవతల, తారురోడ్డు పక్కన ఉంది. దాన్ని అక్కడ పెట్టించింది మా మండలం ఆరోగ్య కమిటీ. జీపు ఆగే చోటు చూసుకున్నారు, జనం జబ్బుపడే చోటు చూడలేదు. ఏలూరులో ఫ్యాను కింద కూర్చుని మా లంకకి ప్లాను గీశారు. లంక నుంచి ఒక్కరినీ పిలవలేదు. కాస్త మర్యాదగా రాయరా అంటారు మా నాన్న. ఇంతకన్నా మర్యాద నాకు చేతకావడం లేదు.

మామ్మ నాకు చుట్టం కాదు. అమ్మ చేపలమ్ముకోడానికి వెళ్తే నాకు అన్నం పెట్టిన మనిషి.

చికెన్‌గన్యా జ్వరాలొచ్చిన ఏడాది మా బడిలో మీటింగు పెట్టారు. మా లంకలో అలవాటేమిటంటే, మగవాళ్ళకి కుర్చీలు, ఆడవాళ్ళకి ఆనుకుని నుంచోడానికి గోడ. మామ్మ చంకలో పీట పెట్టుకుని వచ్చి, డాక్టరు గారి బల్లకి ఎదురుగా వేసుక్కూర్చుంది.

"ఏం మామ్మా, పీటల మీద పెళ్ళా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"పెళ్ళికొడుకు కుర్చీ దిగితేగా బాబూ!"

డాక్టరు గారు కూడా నవ్వేశారు. "చెప్పండి మామ్మగారూ."

"ఏవండీ, మందులు మీరు రాయండి. అవి ఎక్కడుండాలో మమ్మల్ని అడగండి."

ఆయన తలూపారు. అంతే, ఊపారు.

తిరిగొస్తూ అడిగాను, నుంచుని చెబితే వినరా అని. "నుంచుని చెబితే అది విన్నపంరా. కూర్చుని చెబితేనే మాట" అంది.

ఆ పీట మీదే చేపలు తోమేది. మొదట్లో మీటింగుకి ముందు బూడిదతో రుద్ది కడిగేది, ఆఫీసర్లకి వాసన పడదని. తర్వాత మానేసింది. "పడకపోతే ముక్కు మూసుకుంటారు. చెవులు కాదుగా!"

ఓసారి నా కరపత్రం చదివి వినిపించాను. ప్రపంచ పెట్టుబడి దగ్గర ఎత్తుకున్నాను. మామ్మ కునికింది. ఉలిక్కిపడి లేచి, "ఇందులో మన కాలవ ఎప్పుడొస్తుందిరా?" అంది.

ఇవాళ కాలవతోనే మొదలుపెట్టాను, మామ్మా. వినడానికి నువ్వు లేవు.

శనివారం మండలాఫీసులో కమిటీ మళ్ళీ కూర్చుంటోంది. నర్సమ్మ గదిని మన బడి పక్కకి మారుస్తారా లేదా అన్నది ఆవేళ తేలిపోతుంది. మనల్ని ఈసారీ పిలవలేదు. కుర్చీలూ వెయ్యరు. ఎవరి పీట వాళ్ళు తెచ్చుకోండి. అక్కల్లారా, పిన్నుల్లారా, ముందు మీరు.

మామ్మ పీట మొదటి దోనెలో వస్తుంది. దాన్ని ఖాళీగా పెట్టి దండ వెయ్యొద్దు, ఎవరో ఒకరు కూర్చోవాలి. నిన్న చూశాను, మామ్మ వాళ్ళ అరుగు మీద గోడకి ఆనించి ఉంది. అంచున చేప పొలుసొకటి ఎండకి మెరుస్తోంది. నేను కడగలేదు. అలాగే తెస్తాను. శనివారం ఉదయం ఎనిమిదింటికి, రేవులో.