దొరకని ఝ

వీధిలో అందరూ ఆమెను అక్షరాలమ్మాయి అంటారు. ఆహ్వానపత్రాలకూ సన్మానపత్రాలకూ వంపులు తిరిగిన అక్షరాలు గీయడం ఆమె పని. ఊపిరి బిగబట్టి గీత లాగుతుంది. సిరా ఆరేదాకా ఎవరు పిలిచినా తలెత్తదు. ఈసారి చనిపోయిన అమ్మ చేతిరాతను కంప్యూటర్ ఫాంటుగా మలచడానికి పూనుకుంది. ఇంట్లో మిగిలిన అమ్మ ఉత్తరాలన్నీ వెతికితే, ఒక్క ‘ఝ’ తప్ప వాడుకలో ఉన్న అక్షరాలన్నీ దొరికాయి. ఆ ఒక్కటీ తనే ఊహించి, చివర ఎడమవైపుకు చిన్న కొక్కెం తిప్పి గీసింది.

అచ్చు తీసిన కాగితం తండ్రి చేతికిచ్చి, "అమ్మది కాని అక్షరం ఒకటుంది, పట్టుకో చూద్దాం" అంది నవ్వుతూ. ఆయన ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూశాడు.

"అన్నీ మీ అమ్మవేగా."

"ఝ నాది నాన్నా."

ఆయన లోపలికెళ్లి, ఆమెకెన్నడూ చూపని ఉత్తరం ఒకటి తెచ్చాడు. ఆమె పుట్టకముందుది. ‘నిన్న కడుపులో బిడ్డ కదిలింది. గుండె ఝల్లుమంది.’ ఝ చివర అదే కొక్కెం, ఎడమవైపుకే.

"మరి నువ్వెక్కడ చూశావే?" అన్నాడు గొంతు తగ్గించి.

బల్లమీద, కలం లేకుండానే, ఆమె కుడిచేయి ఆ కొక్కేన్ని మెల్లగా గీస్తోంది; ఆపుదామంటే ఆగడం లేదు.